రెండు సమాధులకూ సున్నం

సున్నం కంపెనీ లైన్లు,
రోలుగుంట రోడ్డు, అనకాపల్లి జిల్లా
3 సెప్టెంబరు 2024

అక్కకు తమ్ముడు ఎలియాజరు రాసేది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను.

నీ చెవులు పోయాక ఫోను లాభం లేకపోయింది. మఠంలో మదరుగారి ఫోనుకి మెసేజి పెడతానని మా సిరి అంది. ఇంటి సంగతులు ముందు ఆవిడ చదివి తరువాత నీకు చూపించడం నీకు నచ్చదని నేనే వద్దన్నాను. అందుకే యాభై నాలుగేళ్ల వయసులో తెల్లకాగితాలు కొనుక్కుని కూర్చున్నాను. పరవాడలో సెక్యూరిటీ డ్యూటీ దిగి, కంపెనీ బస్సులో గంటన్నర కునికిపాట్లు పడి ఇంటికొచ్చాక పెన్ను పట్టుకుంటే వేళ్లు మాట వినడం లేదు. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

అసలు సంగతి. లైన్లు కొట్టేస్తున్నారు. కంపెనీ మూసి ముప్పయ్యేళ్లయింది, ఇంకా ఎన్నాళ్లుంటాయిలే అనుకో. నలభై ఇళ్లలో ఆరిళ్లలోనే మనుషులం ఉన్నాం. మిగిలినవాటిలో జిల్లేడు మొలిచింది. స్థలం ఎవరో కొనుక్కున్నారు, గోడౌన్లు కడతారట. మూడు బట్టీలు, పొగగొట్టం, సున్నం నానబెట్టిన గాబులు, వాటి వెనకున్న మన సమాధుల దొడ్డి, అన్నీ చదును చేస్తారు. నవంబరు నెలాఖరులోగా ఎవరి మనుషుల్ని వాళ్లు తవ్వి తీసుకుపోవాలని నోటీసు అంటించారు.

ఇందులో ఒక మంచి ఉంది అక్కా. అమ్మ పోయేముందు నాన్న పక్కన పెట్టమని అడిగింది కదా. అప్పటికే ఇక్కడ కొత్త సమాధులు వద్దన్నారని అనకాపల్లి దొడ్డిలో పెట్టాం. పదిహేనేళ్లుగా అది నన్ను తొలుస్తూనే ఉంది. ఇప్పుడు నాన్ననే అమ్మ దగ్గరికి తీసుకుపోవచ్చు. ఫాదరుగారు అమ్మ పక్కన చోటు ఇస్తానన్నారు. కాకపోతే ఫలానా సమాధి ఫలానావారిదని, పూడ్చిన రోజు అక్కడున్న మనిషి రాసి సంతకం పెట్టాలన్నారు. పక్క సమాధి నాన్నతోపాటే బట్టీలో పోయిన రాములు బాబాయిది, తేడా రాకూడదు కదా.

నేను ఆ రోజు లేను. విశాఖ ఆసుపత్రిలో కామెర్లతో పడి ఉన్నాను. తరువాత అక్కడే పనికి కుదిరి రెండేళ్లకి గాని లైన్లకి రాలేదు, అప్పటికే అంతా సున్నం. నువ్వున్నావు. పేర్లు కనబడడం లేదు, నవంబరులో సమాధుల పండగకి ఏటేటా సున్నం కొట్టీ కొట్టీ అక్షరాలు పూడిపోయాయి. అమ్మ రెండు సమాధులకూ వెయ్యమనేది. నాకు ఓపిక లేక మనదానికే వేస్తూ వచ్చాను. ఎడమదే కదా మనది. అమ్మ కొవ్వొత్తి పెట్టి కూర్చోవడం నేను చూశాను. ఎడమది నాన్నదని ఒక్క ముక్క రాసి పంపు, చాలు.

నీ తమ్ముడు
ఎలియాజరు

*

మఠం వంటిల్లు, గుంటూరు
12 సెప్టెంబరు 2024

తమ్ముడికి,

వానల వల్ల నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. రాత బాగానే ఉంది, గొణుగుడే ఎక్కువగా ఉంది.

ఇక్కడ నా సంగతి రోజూ ఒకటే. అరవై మందికి ఉదయం ఉప్మా, మధ్యాహ్నం పప్పు, రాత్రికి మజ్జిగ. కొత్తగా లావణ్య అనే అమ్మాయి చేతికింద చేరింది. నాకు వినపడదని ఉప్పు వేశానో లేదో కాగితం మీద రాసి అడుగుతుంది. ఆ కాగితం చదివేలోపు కూర అడుగంటుతుంది. మోకాళ్ల సంగతి రాయను, రాస్తే నీవాటి సంగతి నువ్వు మొదలుపెడతావు.

సమాధులు తవ్వడం నాకు ఇష్టం లేదు. ముప్పయ్యేడేళ్లు మట్టిలో ఉన్న మనిషిని ఇప్పుడు కదిలించి ఏం చేస్తావు. అమ్మ పైన ఉంది, నాన్నా పైనే ఉన్నాడు. వాళ్లని కలపడానికి నువ్వూ పలుగూ అక్కర్లేదు.

అయినా నీకు ఇంత తొందర ఎందుకో నాకు తెలియదనుకోకు. ఖాళీ చేసినవాళ్లకి ఇళ్ల స్థలాలు ఇస్తారని మన ఊరి అమ్మాయి పావని ఇక్కడికి వచ్చినప్పుడు రాసి చూపించింది. స్థలం కోసం తొందరపడు, నేను కాదనను. దానికి నాన్న పేరు చెప్పకు.

మరదలిని, సిరిని అడిగానని చెప్పు.

లూర్దు మేరీ

*

సున్నం కంపెనీ లైన్లు
20 సెప్టెంబరు 2024

అక్కకు,

నీ ఉత్తరం మీ మరదలికి చదివి వినిపించలేదు. ఆవిడకి నీ మీద కాస్త గౌరవం ఉంది, ఉండనిద్దామని.

స్థలం ఆరిళ్లకీ ఒకేసారి ఇస్తారు. ముందు వెళ్లినవాడికి ముందు కాదు. పావనికి సగం తెలుసు, నీకు ఆ సగంలో సగం తెలుసు.

నాన్న పోయిన మరుసటేడు నువ్వు మఠానికి వెళ్లిపోయావు. వెళ్లినదానివి మళ్లీ లైన్లలో కాలు పెట్టలేదు. అమ్మని అనకాపల్లిలో పెట్టినప్పుడు వచ్చి, అటునుంచి అటే స్టేషనుకి పోయావు. ఇంకో బస్సెక్కి నాన్న దగ్గరికి రాలేదు. నేను ఏనాడూ అడగలేదు. ఏడాదికోసారి సున్నం నేను కొట్టాను, గడ్డి నేను పీకాను, అమ్మ మంచాన పడితే ఎత్తి దించింది మీ మరదలు. నేను నిన్ను ఇప్పుడు అడుగుతున్నది నాలుగు అక్షరాలూ ఒక సంతకం.

ఇంకో చిక్కు వచ్చింది. రాములు బాబాయి తమ్ముడు అప్పలరాజు ఊరినుంచి వచ్చాడు. అన్నని తీసుకుపోయి వాళ్ల పొలం గట్టున పెట్టుకుంటాడట. "మాది కుడిదే కదేటి" అన్నాడు. నేను అవునన్నాను. మరిడమ్మ పిన్ని గుమ్మంలో కూర్చుని వింటూనే ఉంది. "తొందరేటి, ఉండండి" అని మాత్రం అంది. మొగుడి గురించి అంత నిదానం ఏమిటో నాకు అర్థం కాలేదు. అరవై ఏడేళ్లు వచ్చాయి, అన్నీ మరిచిపోతోంది కాబోలు.

నువ్వు సంతకం పెట్టకపోతే నేను సున్నం గీకించేస్తాను. పేర్లు పచ్చి గచ్చు మీద నువ్వే వేలితో రాశావని లైన్లలో అందరికీ తెలుసు. నీ సంతకం బదులు నీ చేతిరాతే చూపిస్తాను.

ఎలియాజరు

*

గుంటూరు
4 అక్టోబరు 2024

ఎలియాజరుకు,

గీకొద్దు. నేను ఆలోచించుకుని రాస్తాను. అంతవరకు ఆ రెండింటినీ ముట్టుకోవద్దు. అప్పలరాజుని కూడా ముట్టుకోనివ్వొద్దు. ఈ ఒక్కసారికి అక్క మాట విను.

మేరీ

*

సున్నం కంపెనీ లైన్లు
7 అక్టోబరు 2024

అక్కకు,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. నేను నిన్ననే గీకేశాను. పదిహేను రోజులు చూశాను, ఇక రాయవనుకున్నాను.

ఆదివారం పూజ అయ్యాక మొదలుపెట్టాను. గడ్డపార వాడలేదు, మీ మరదలి పాత అట్లకాడతో గీకాను. ముందు నావి, అడుగున అమ్మవి. అమ్మ పూతలు ఊడి రాలేదు. తుమ్మబంక కలిపి ఎంత దట్టంగా వేసిందో, ఒక్క ఏటి పూతలే మూడు నాలుగున్నాయి. అంత సున్నం ఎందుకు వేసిందో అనుకున్నాను. కంపెనీలో ఊరికే వచ్చేది కదా, అందుకే అనుకున్నాను.

ఎడమదాని మీద నీ రాత బయటపడింది. రాములు అని ఉంది.

వెంటనే రెండోదీ గీకాను అక్కా. కుడిదాని మీద లాజరు అని ఉంది, నాన్న పేరు. ఇన్నేళ్లు నేను పరాయి మనిషి సమాధికి సున్నం కొట్టాను. సిరి పెళ్లి కుదిరినప్పుడు మొదటి కార్డు దానిమీదే పెట్టాను. నా ఉద్యోగం పోయి ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నప్పుడు దాని దగ్గరికే వెళ్లి ఏడ్చాను. రాములు బాబాయి మంచివాడే, విన్నాడేమో. నాన్న రెండడుగుల దూరంలో ఉండి, వీడు నావైపు చూడడే అనుకుని ఉంటాడు.

పేర్లు గట్టిగా చదివాను. మరిడమ్మ పిన్ని పక్కనే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. అప్పటినుంచి నాతో మాట్లాడడం లేదు. ఆవిడ కూడా వేరేవాళ్ల సమాధికి పసుపు రాసుకుంటూ వచ్చింది పాపం, ఆ బాధ అయ్యుంటుంది.

సరే, తప్పు తెలిసింది, అదే మేలు. సిరి ఫోటోలు తీసింది, ఫాదరుగారికి చూపించాం. ఇది చాలు అన్నారు. నీ సంతకం ఇక అక్కర్లేదు. అప్పలరాజు ఇరవై ఐదో తారీకున బండి తెచ్చి ఎడమది తీసుకుపోతాడు. నేను కుడిది తీసుకుపోతాను.

ఎలియాజరు

*

గుంటూరు
14 అక్టోబరు 2024

తమ్ముడూ,

ఇది స్పీడు పోస్టులో పంపుతున్నాను. అప్పలరాజు బండి ఎక్కించకముందే నువ్వు ఇది చదవాలి. కూర్చుని చదువు.

ఆ పేర్లకి అర్థం లేదు. నేను తెలిసి రాసినవి కావు.

రెండో బట్టీ లోపలి గోడ కూలినప్పుడు కింద కాలిన సున్నం బయటికి లాగే నోటి దగ్గర ఇద్దరూ ఉన్నారు. పైనుంచి కాలుతున్న రాయి మొత్తం దిగిపోయింది. మర్నాడు మధ్యాహ్నానికి గాని తియ్యలేకపోయారు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే ఖాకీ నిక్కరు. ఏం మిగిలిందో నీకు రాయను, ఈ చేత్తో వంట చెయ్యాలి. గోనెగుడ్డల్లో చుట్టి పెట్టెల్లో పెట్టి మేకులు కొట్టేశారు. తనిఖీవాళ్లు వచ్చేలోపు అయిపోవాలని కంపెనీవాళ్ల తొందర. రాములు బాబాయివాళ్ల ఊరినుంచి ఎవరూ రాకముందే రెండు పెట్టెలూ మన దొడ్డిలోనే దింపేశారు.

మేస్త్రి పైన గచ్చు మెత్తి, "పేర్లెవులు రాత్తారు" అన్నాడు. లైన్లలో పదో తరగతి చదివిన ఆడపిల్లని నేనొక్కదాన్నే. అందరూ నావైపు చూశారు. ఏది ఎవరిదని గుమాస్తాని అడిగాను. "ఏదో ఒకటి రాసీయమ్మా, గచ్చు ఆరిపోతంది" అన్నాడు.

నా వెనక అమ్మా మరిడమ్మా నిలబడి ఉన్నారు. ఇద్దరికీ చదువు రాదు. నేను ఏం రాస్తే అదే. నాకు ఇరవై రెండేళ్లు. తెలియదు, రాయను అని ఆ ఇద్దరి ముందు అనలేకపోయాను. కుడిదాని వైపు అమ్మ నిలబడి ఉంది కాబట్టి కుడిదాని మీద నాన్న పేరు రాశాను. అంతకుమించి కారణం లేదు. "ఇది మీ నాన్నేనా" అని అమ్మ అడిగింది. అవునన్నాను.

మరుసటేడు మఠానికి వెళ్లేముందు అమ్మకి చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "మరైతే రెండిటికీ ఏద్దాం" అంది. ఆ నవంబరులో అక్షరాలు పూడిపోయేదాకా పూత మీద పూత వేసిందని నన్ను చూడడానికి వచ్చినప్పుడు చెప్పింది. అమ్మ దట్టంగా వేసింది ఊరికే వచ్చిందని కాదు. నేను రాసినది ఎవరూ చదవకూడదని. ఎడమదాని దగ్గరా కూర్చునేది, కుడిదాని దగ్గరా కూర్చునేది. నువ్వు చూసిన రోజు ఎడమదాని దగ్గర కూర్చుని ఉంటుంది.

నీకు ఎందుకు చెప్పలేదంటే, నువ్వొక్కడివైనా నాన్న ఇదే అని గట్టిగా నమ్ముకుని ఉన్నావు. దాన్ని తీసెయ్యడానికి నాకు మనసు రాలేదు. నేను లైన్లకి రాకపోవడానికి కారణం కూడా అదే. ఆ రెండు సమాధుల ముందు దేనివైపు తిరిగి దండం పెట్టాలి నేను. నేను సుఖం వెతుక్కుని పోయానని నువ్వు అనుకున్నావు. అనుకోనిచ్చాను.

అప్పలరాజుకి చెప్పు. మరిడమ్మకి నేనే చెప్పాలి, కాని అంత దూరం నుంచి ఎలా చెప్పను. నన్ను తిట్టమను.

లూర్దు మేరీ

*

19 అక్టోబరు 2024

అక్కకు,

ఉత్తరం అందింది. చదివాను. ఇప్పుడు ఏమీ రాయలేను. అప్పలరాజుని ఆగమన్నాను.

ఎలియాజరు

*

సున్నం కంపెనీ లైన్లు
4 నవంబరు 2024

అక్కకు,

రెండు వారాలు నిన్ను ఎదురుచూపుల్లో పెట్టాను. కావాలనే పెట్టానని ఒప్పుకుంటున్నాను. డ్యూటీలో గేటు దగ్గర నిలబడి, వచ్చే బస్సుల నంబర్లు రాసుకుంటూ నీతో పోట్లాడుతూనే ఉన్నాను. ఎంత పోట్లాడినా, ఆ రోజు నీ చోట నేనుంటే ఏం చేసేవాణ్ణో మాత్రం తేలలేదు.

మరిడమ్మ పిన్నికి చెప్పడానికి మూడు రోజులు పట్టింది. చివరికి వాళ్ల గుమ్మంలో కూర్చుని నీ ఉత్తరం చదివి వినిపించాను. విన్నంతసేపూ బియ్యం ఏరుతూనే ఉంది. అయ్యాక చేట పక్కన పెట్టింది.

"ఈ సంగతి నాకు ఎరికే నాయినా. మీ యమ్మ ఆ యేడే నాకు సెప్పేసింది. ఇద్దరం ఆ దొడ్డిలోనే కూకుని ఏడిసేం. అందుకే గదా రెండిటికీ ఇద్దరం ఏసేవోలం. అది బతికున్నన్నాళ్లూ అలాగే సేసేం. పని నీ సేతికొచ్చేక ఒకటి ఒగ్గేసినావు."

నేను వదిలేసినదానికి తనే వేసేదట. నేను డ్యూటీకి వెళ్లాక నాదానికీ ఇంకో పూత వేసేదట. నా పూత మర్నాటికి అంత తెల్లగా ఎలా తేలేదో నాకు ఇప్పుడు తెలిసింది. సున్నంలో కలిపే నీలిమందు మంచిది దొరికింది అనుకునేవాణ్ణి. ఆ రోజు పేర్లు చదివినప్పుడు ఎందుకు లోపలికి వెళ్లిపోయావని అడిగాను. "అంత కట్టపడి కప్పెట్టింది అట్లకాడతో గీకేసినావు, ఏటి మాటాడతాను" అంది.

నీ గురించి అడిగింది. ముప్పయ్యారేళ్లుగా నువ్వు రాలేదని బెంగ పెట్టుకుందట. "ఆ పిల్ల సేత రాయించినోలది తప్పు గానీ, పిల్లది ఏటి తప్పు" అంది. నేను ఇన్నాళ్లూ నీ మీద మోసిన కోపం ఆవిడ ఒక్క మాటతో కింద పెట్టేసింది. నాకు అంత తేలిగ్గా దిగలేదు. కొంచెం ఇంకా ఉంది, అబద్ధం ఎందుకు.

ఇరవై ఐదున అప్పలరాజు బండితో వచ్చాడు. పిన్ని అడ్డం నిలబడి, "ఈలిద్దరినీ ఇడదియ్యొద్దు. ఎవులు ఎవులో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఒక్క దగ్గరే ఎట్టండి" అంది. అతను గట్టిగానే గొడవపడ్డాడు. తరువాత రెండు సమాధుల మీదా చెరో గుప్పెడు మట్టి తీసి తువ్వాల్లో మూట కట్టుకుని, ఖాళీ బండి తోలుకుపోయాడు.

ఫాదరుగారి దగ్గరికి నేనూ పిన్నీ వెళ్లాం. మొత్తం చెప్పాం. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. రాములుకి జ్ఞానస్నానం అయిందా అని అడగబోయి ఆగిపోయారని నాకు అనిపించింది. రిజిస్టరు తెప్పించి రెండు పేర్లూ ఒకే గడిలో రాశారు.

మొన్న సమాధుల పండగ రోజున ఇద్దరినీ ఒకే పెట్టెలో అమ్మ పక్కన పెట్టాం. పెట్టె బరువు లేదు. నేనొక్కణ్ణే ఒడిలో పెట్టుకుని ఆటోలో తెచ్చాను. పిన్ని నా పక్కన కూర్చుని దారంతా పెట్టె మీద చెయ్యి తియ్యలేదు. అమ్మ అడిగింది ఇదో కాదో నాకు తెలియదు. కాని ఆ పెట్టెలో నాన్న తప్పకుండా ఉన్నాడు. ఇంతకుముందు అంత గట్టిగా చెప్పలేకపోయేవాళ్లం.

ఇంకొక్కటి. పాత గాబులో జిల్లేడు మొక్కలు పీకి చూస్తే, అడుగున నీళ్ల కింద సున్నం ఇంకా మెత్తగా వెన్నలా ఉంది. కంపెనీ మూసిన ఏడు నానబెట్టినది. రెండు డబ్బాలకి ఎత్తి తెచ్చాను. మిగతాదంతా మిషను కింద పోతుంది, నిన్న మొదటి బట్టీ పడగొట్టేశారు.

సమాధి మీద పేర్లు లేవు. రాయి చెక్కిద్దామని ఫాదరుగారన్నారు. పిన్ని ఒప్పుకోలేదు. గచ్చు మెత్తించి, నువ్వు వచ్చి వేలితోనే రాయాలంటోంది. ఇది ఆవిడ మాట. నేనూ కాదనలేదు.

ఎలియాజరు

*

గుంటూరు
10 నవంబరు 2024

తమ్ముడికి,

నీ ఉత్తరం రోజుకి రెండుసార్లు చదువుతున్నాను. లావణ్య చూసి, ఎవరైనా పోయారా అని కాగితం మీద రాసి అడిగింది. లేదు, దొరికారు అని రాశాను. దానికి ఏమీ అర్థం కాలేదు, ఉప్పు మాత్రం రెండుసార్లు వేసింది.

మదరుగారిని నాలుగు రోజుల సెలవు అడిగాను. అమ్మ పోయినప్పుడు తప్ప ముప్పయ్యారేళ్లలో అడగలేదు కదా, ఒంట్లో బాగాలేదా అని రాసి అడిగారు. పంతొమ్మిది, మంగళవారం మధ్యాహ్నం అనకాపల్లిలో దిగుతాను. స్టేషనులో పేరు పెట్టి అరవకు, నాకు వినపడదు. చెయ్యి ఊపు. మెట్లు ఎక్కేటప్పుడు ఆ చెయ్యే ఇవ్వాలి, మోకాళ్లు లేవడం లేదు.

ముందు లైన్లకి తీసుకెళ్లు. బట్టీలు ఉన్నా లేకపోయినా సరే. మరిడమ్మ గుమ్మంలో కాసేపు కూర్చుంటాను. ఎవరి పేరు ముందు రాయాలో ఆవిడనే చెప్పమను. అక్షరాలు అప్పటిలా గుండ్రంగా రావు. కాని ఈసారి ఏది ఎవరిదని ఎవర్నీ అడగనక్కర్లేదు.

గాబు సున్నం మూత పెట్టి ఉంచు, ఎండిపోనివ్వకు. రాయడం అయ్యాక నువ్వూ మరిడమ్మా ఒక పూత వెయ్యండి, నేను చూస్తాను. అక్షరాలు తప్పించి వెయ్యి.

మీ అక్క
లూర్దు మేరీ